పాత ఫోనోగ్రాఫ్ ప్రకటనల సేకరణ – 3వ పాఠం: తేదీ లేని కాగితం ఏ ఏడాదిదో తేల్చడం

ఏం సేకరించాలి, ఎక్కడ వెతకాలి అన్నవి గత రెండు పాఠాల్లో చూశాం. ఇప్పుడు ఫోనోగ్రాఫ్ (రికార్డులు పాడించే పాత యంత్రం) ప్రకటన కాగితం చేతికొచ్చింది. తిప్పి తిప్పి చూసినా ఎక్కడా తేదీ లేదు. అమ్మినవాళ్లు ‘సుమారు 1900’ అని రాసి ఊరుకున్నారు. ఈ మాట దాదాపు ప్రతి పాత ఫోనోగ్రాఫ్ కాగితం మీదా కనిపిస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. ఏడాది మనమే తేల్చుకోవాలి. ఈ హాబీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ముందు తేదీ ఎలా పోయిందో తెలుసుకోవాలి. 1900 ప్రాంతంలో మెక్‌క్లూర్స్, మన్సీస్ లాంటి అమెరికన్ మాసపత్రికల్లో ప్రకటనలు కథల మధ్యలో కాకుండా ముందూ వెనకా విడి విభాగాలుగా ఉండేవి. లైబ్రరీలు ఏడాది సంచికల్ని బైండింగ్ చేయించేటప్పుడు అట్టలతోపాటు ఆ విభాగాల్ని కూడా చాలాసార్లు చింపి పారేశాయి. మిగిలింది ఇళ్లల్లో అటకల మీద పడి ఉన్న విడి సంచికలే. వాటినీ పేజీలుగా కోసి అమ్మడం తర్వాత మొదలైంది. కోసిన క్షణంలోనే పత్రిక పేరు, నెల, ఏడాది పోతాయి. అందుకే కొనే ముందు ‘ఇది ఏ పత్రికలోది, ఏ నెలది’ అని తప్పకుండా అడగండి. జవాబు దొరికితే పేజీ మీద రాయకుండా దాని కవరులో వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

జవాబు దొరకనప్పుడు పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. ఒక్క ఏడాది కోసం వెతక్కండి, రెండు హద్దుల కోసం వెతకండి. ‘దీనికి ముందు అయ్యుండదు’ అన్నది ఒక హద్దు, ‘దీని తర్వాత అయ్యుండదు’ అన్నది రెండోది. దొరికిన ప్రతి ఆధారాన్నీ ఈ రెండిటిలో ఏదో ఒక దాని కింద వేసుకుంటూ పోతే మధ్యలో ఉన్న కాలం దానంతటదే కుదించుకుపోతుంది.

ఒక పేజీ పెట్టుకుని చేసి చూద్దాం. పైన పెద్ద అక్షరాల్లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అని ఉంది. పక్కన థామస్ ఎడిసన్ సంతకం ట్రేడ్‌మార్కుగా వేశారు. బొమ్మలో చెక్క పెట్టె మీద యంత్రం, దాని మీదుగా హంస మెడలా వంపు తిరిగిన పెద్ద హార్న్ (శబ్దం బయటికొచ్చే గరాటు). కింద రెండు రకాల రికార్డుల ధరలు ఉన్నాయి: రెండు నిమిషాల సిలిండర్ (గొట్టం ఆకారపు రికార్డు) 35 సెంట్లు, అంబరాల్ 50 సెంట్లు. అడుగున నేషనల్ ఫోనోగ్రాఫ్ కంపెనీ, ఆరెంజ్, న్యూజెర్సీ అని చిరునామా.

ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది బొమ్మతో మొదలుపెడతారు. నేనైతే అడుగున ఉన్న కంపెనీ పేరుతో మొదలుపెట్టమంటాను. బొమ్మ అబద్ధం చెప్పగలదు కానీ కంపెనీ పేరు అంత తేలిగ్గా చెప్పదు. ఎడిసన్ నేషనల్ ఫోనోగ్రాఫ్ కంపెనీని పెట్టింది 1896లో. 1911లో ఆ వ్యాపారం థామస్ ఎ. ఎడిసన్ ఇన్‌కార్పొరేటెడ్ అన్న పేరు కిందికి వచ్చింది. ఇంకేమీ చూడకుండానే కాలం 15 ఏళ్లకు దిగింది.

తర్వాత ధరల వరస. అంబరాల్ అంటే నాలుగు నిమిషాలు పాడే మైనపు సిలిండర్. అది అమ్మకానికి వచ్చింది 1908 అక్టోబరులో. ఇప్పుడు ముందు హద్దు 1896 నుంచి 1908కి జరిగింది. వంపు హార్న్‌ను సిగ్నెట్ హార్న్ అంటారు, అది 1909 నుంచి కనిపిస్తుంది. అంటే మన పేజీ 1909కి, 1911కి మధ్యది. ‘సుమారు 1900’ అన్న కాగితం పదేళ్లు ముందుకు వచ్చింది.

ఇక్కడ తొందరపడకూడని చోటు ఒకటుంది. హార్న్‌ను పెట్టె లోపలే దాచిన అంబరోలా యంత్రాన్ని ఎడిసన్ 1909లో తెచ్చాడు. మన పేజీలో దాని ఊసే లేదు కాబట్టి ఇది అంతకు ముందుదే అయ్యుండాలని అనిపిస్తుంది. అలా అనుకోకండి. చిన్న ప్రకటనలో అన్ని మోడళ్లూ వేయరు, ఖరీదైన యంత్రాన్ని వేరే ప్రకటనలో వేస్తారు. కాగితం మీద ఉన్నది సాక్ష్యం. లేనిదాన్ని అనుమానంగానే ఉంచుకోవాలి.

బొమ్మ అబద్ధం చెప్పగలదన్నాను కదా. ఆ రోజుల్లో ప్రకటన బొమ్మలు బ్లాకులతో (బొమ్మ చెక్కిన అచ్చు పలకలతో) అచ్చయ్యేవి. కంపెనీలు డీలర్లకు బ్లాకులు పంపేవి, డీలరు ఊళ్లో పేపరుకు ఇచ్చేవాడు. మోడల్ మారినా పాత బ్లాకు చేతిలో ఉంటే దాన్నే మళ్లీ వాడేవాడు. అందుకే బొమ్మలోని యంత్రం ‘దీనికి ముందు కాదు’ అని చెప్పడానికే పనికొస్తుంది. పేటెంట్ తేదీలూ అంతే. ‘1886 మే 4’ అని గ్రాఫోఫోన్ (ఫోనోగ్రాఫ్ లాంటి ఇంకో యంత్రం) పేటెంట్ తేదీ కనిపించగానే కొందరు దాన్ని 1886 నాటి క్యాటలాగ్ అని అమ్మేస్తారు. ఆ తేదీని కంపెనీ ఏళ్ల తరబడి అచ్చువేస్తూనే ఉంటుంది. హార్న్ ముందు చెవి రిక్కించిన కుక్క నిప్పర్ (గ్రామోఫోన్ కంపెనీల ట్రేడ్‌మార్కు బొమ్మ) కనిపిస్తే అది 1899కి ముందుది కాదు. లండన్‌లో గ్రామోఫోన్ కంపెనీ ఆ బొమ్మను చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ దగ్గర కొన్నది ఆ ఏడాదే.

క్యాటలాగులకు ఇంకో మంచి దారి ఉంది. రికార్డుల జాబితాలో అన్నిటికన్నా పెద్ద నంబరు వెతికి పట్టుకోండి. ఆ రికార్డు విడుదలకు ముందు ఆ క్యాటలాగ్ ఉండే వీల్లేదు. అమెరికన్ రికార్డుల వివరాలు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే డేటాబేసులో ఉచితంగా దొరుకుతాయి. ఎడిసన్ క్యాటలాగుల్లో అట్ట వెనకో అడుగునో చిన్న అక్షరాల్లో ఫారం నంబరు కూడా ఉంటుంది. తేదీ తెలిసిన ఇంకో ఫారంతో పోల్చడానికి అది ఉపయోగపడుతుంది కాబట్టి వదలకుండా రాసుకోండి.

విడి పేజీ అయితే వెనక్కి తిప్పండి. చాలామంది ఫ్రేము కట్టించేసుకుని ఇది మర్చిపోతారు. వెనక ఉన్నది వేరే కంపెనీ ప్రకటన, దానికి ఫోనోగ్రాఫ్‌తో ఏ సంబంధమూ ఉండదు. కానీ కార్ల కంపెనీ మోడల్ ఏడాదిని గొప్పగా వేసుకుంటుంది, విత్తనాల కంపెనీ ఈ ఏడాది క్యాటలాగ్‌కు ఉత్తరం రాయమంటుంది. ముందు పేజీ దాచిన తేదీని వెనక పేజీ ఒక్క ముక్కలో చెప్పేసిన సందర్భాలు ఎన్నో.

ఇదంతా కాగితం అసలుదైతేనే. 1960ల చివర్లో, పోస్టులో సరుకులు అమ్మిన అమెరికన్ కంపెనీ సియర్స్ రోబక్ పాత క్యాటలాగుల్ని యథాతథంగా తిరిగి అచ్చువేశారు. అప్పుడు ఎవర్నీ మోసం చేయాలని కాదు, చదువుకోవడానికే వేశారు. కానీ వాటిలో గ్రాఫోఫోన్ పేజీలు కోసి అసలువిగా అమ్మేవాళ్లున్నారు. అందుకని 10 రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి. దాన్ని బొమ్మ మీద కాదు, అక్షరాల మీద పెట్టండి. అసలు అచ్చులో అక్షరం నిండుగా ఉంటుంది, అంచు వెంట సిరా కాస్త గట్టు కట్టినట్టు కనిపిస్తుంది. కాగితం వెనక వేలితో తడిమితే అచ్చు ఒత్తిడి తెలియొచ్చు. అక్షరమే సన్నని చుక్కలుగా విరిగి కనిపిస్తే ఆ పేజీని ఫొటో తీసి మళ్లీ అచ్చువేశారని అర్థం. బొమ్మల్లో చుక్కలుంటే మాత్రం టెన్షన్ పడకండి. హాఫ్‌టోన్ (ఫొటోను చుక్కలుగా అచ్చువేసే పద్ధతి) అప్పటికే ఉంది, అసలు పేజీల్లోనూ ఫొటోలు చుక్కలతోనే వచ్చేవి.

చీకటి గదిలో అల్ట్రావయొలెట్ లైటు వేసి చూడటం ఇంకో పరీక్ష. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే మెరుపు రసాయనాలు 1950 ప్రాంతం నుంచే మామూలయ్యాయి. పేజీ నీలంగా ధగధగలాడితే కొనకండి. మెరవనంత మాత్రాన పాతదని మాత్రం రుజువైనట్టు కాదు.

ఇక మీ అభ్యాసం. ఒక డీలరు కరపత్రం మీ ముందుంది. అడుగున కొలంబియా ఫోనోగ్రాఫ్ కంపెనీ అని ఉంది. లోపల రెండువైపులా పాటలున్న డిస్కుల గురించి గొప్పగా రాశారు, వాటి పక్కనే సిలిండర్లు కూడా అమ్ముతున్నారు. ఆ కంపెనీ పేరు ఎప్పుడు మారిందో, అది రెండువైపుల డిస్కును ఎప్పుడు తెచ్చిందో, సిలిండర్లను ఎప్పుడు వదిలేసిందో వెతికి రెండు హద్దులూ కాగితం మీద పెట్టండి. మీ జవాబును సరిచూసుకోవడంతో 4వ పాఠం మొదలవుతుంది. ఆ తర్వాత ఈ పెళుసు కాగితాల్ని ఎలా భద్రపరచాలో చూద్దాం. అప్పటిదాకా వాటికి లామినేషన్ చేయించకండి, చిరుగులకు సెలోటేపు అంటించకండి.