మట్టిలో కలిసే ప్యాకింగ్ ప్లాస్టిక్: మిశ్రమాన్ని తెలుసుకుని ఎంచుకునే విధానం

బోర్లించిన వేడి కుండ మీద పలుచని బియ్యప్పిండి పాలను గుడ్డతో ఒక్కసారి లాగితే వచ్చే పూతరేకు, రసాయన దృష్టితో చూస్తే, పిండిపదార్థంతో తయారైన పలుచని పొర. పొడిగా ఉన్నప్పుడు అది వేలు తగిలితే చాలు పెళుసుగా విరుగుతుంది. తడిగుడ్డ అద్దగానే మెత్తబడి మడతకు లొంగుతుంది. నీటి అణువులు పిండిలోని పొడవైన గొలుసుల్లాంటి అణువుల మధ్య చేరి, వాటి పట్టు సడలించి, ఒకదానిపై ఒకటి జారేలా చేయడమే అందుకు కారణం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులను మడిచే ఆడవాళ్ల చేతికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మట్టిలో కలిసే ప్లాస్టిక్ మిశ్రమాల తయారీ కూడా ఈ సూత్రం దగ్గరే మొదలవుతుంది.

మిఠాయిలు, కూరగాయలు అమ్మేవారికీ, కడియం చుట్టుపక్కల మొక్కలు పెంచేవారికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. కవరు కొనేముందు ధర కంటే ముందు తేల్చుకోవలసినవి రెండు: అందులో ఏం పెడతాం, వాడిన తరువాత అది ఎక్కడికి చేరుతుంది. ఈ రెంటికీ జవాబు లేకుండా మిశ్రమాన్ని ఎంచుకోవడం సాధ్యం కాదు.

ముందుగా ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లుల ప్రాంతంలో కర్రపెండలం పిండి సులువుగా దొరుకుతుంది. దొరకకపోతే సగ్గుబియ్యాన్ని మెత్తగా పొడి చేసుకున్నా సరిపోతుంది. 10 గ్రాముల పిండిని 100 మిల్లీలీటర్ల చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి, నీటిలాగే గొలుసుల పట్టు సడలించే గ్లిజరిన్ (మందుల దుకాణంలో దొరుకుతుంది) 3 గ్రాములు చేర్చి, సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ ఉండండి. వేడి 65, 70 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి పాలలా ఉన్న ద్రవం ఒక్కసారిగా చిక్కబడి, గాజులా పారదర్శకం అవుతుంది. పిండి రేణువులు ఉబ్బి పగిలి గొలుసులు బయటపడిన క్షణం అది. మరికొన్ని నిమిషాలు ఉడికించి, నాన్‌స్టిక్ పళ్లెంలో పలుచగా పరచి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే అంచులు ముడుచుకుని పగుళ్లు వస్తాయి. ఇదే కొలతతో గ్లిజరిన్ 1 గ్రాముతో ఒకటి, 5 గ్రాములతో ఒకటి కూడా చేయండి. 1 గ్రాముది పూతరేకులా విరుగుతుంది, 3 గ్రాములది వంగుతుంది, 5 గ్రాములది వేళ్లకు జిగురుగా అంటుతుంది.

ఈ పొరలను వారం రోజులు అలాగే ఉంచి మళ్లీ వంచి చూస్తే అసలు ఇబ్బంది బయటపడుతుంది. వంగిన పొర కూడా కాస్త బిగుసుకుంటుంది. రాత్రి వండిన అన్నం తెల్లారేసరికి గట్టిపడినట్టే, విడివడిన పిండి గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి వరుసలు కడతాయి. వానాకాలంలో అయితే దీనికి విరుద్ధంగా, గంజి పెట్టిన చీర చెమ్మకు వాలిపోయినట్టు, పొర మొత్తం మెత్తబడిపోతుంది. కాబట్టి పిండి ఒక్కదానితో చేసిన కవరు మన గోదావరి డెల్టా గాలికి నిలవదు. అందుకే దాన్ని మరొక పదార్థంతో కలపాలి.

కలిపే వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం): పిండిని చక్కెరగా మార్చి, దాన్ని పులియబెట్టి, పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లాన్నే తయారుచేసి, ఆ ఆమ్లాన్ని గొలుసుగా కట్టినది. లాగితే తట్టుకునే దీని బలం 50 నుంచి 60 మెగాపాస్కళ్లు (అలాంటి బలానికి కొలమానం) ఉన్నా, సుమారు 5 శాతం సాగేసరికి విరిగిపోతుంది. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రెండవది పీబీఏటీ అనే సాగే ప్లాస్టిక్: ఇది చాలావరకు పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా దాని గొలుసు ముక్కలను కలిపి ఉంచే ఎస్టర్ బంధాలను సూక్ష్మజీవులు తెంచగలవు. మొక్క నుంచి రావడం వేరు, మట్టిలో కలవడం వేరు అని ఈ ఒక్క ఉదాహరణతో గ్రహించవచ్చు. పీబీఏటీ తన పొడవుకు ఐదారు రెట్లు సాగుతుంది కానీ, బరువు మోయడానికి కావలసిన బిగువు తక్కువ. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది కనుక సంచుల తయారీలో పీబీఏటీని ఆధారంగా తీసుకుని, బిగువు కోసం కొంత పీఎల్‌ఏను, ధర తగ్గడానికి పిండిని చేరుస్తారు.

అయితే ఇవి ఒకదానిలో ఒకటి కరగవు. సూక్ష్మదర్శినిలో చూస్తే పీబీఏటీ మధ్యలో పీఎల్‌ఏ చిన్నచిన్న బొట్లుగా కనిపిస్తుంది. బొట్టు ఎంత చిన్నదైతే, దాని అంచు చుట్టూ ఉన్న పదార్థాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే, కవరు అంత గట్టిది. పట్టు లేకపోతే లాగినప్పుడు బొట్టు అంచు దగ్గరే చీలిక మొదలవుతుంది. నూనెను, నీటిని సబ్బు కలిపినట్టు ఈ అంచులను కలిపేందుకు మాలిక్ యాన్‌హైడ్రైడ్ లేదా ఎపాక్సీ అనే రసాయన గుంపులున్న సంధాన పదార్థాన్ని కొద్ది మోతాదులో వేస్తారు. కవరు తయారీలో కరిగించిన మిశ్రమాన్ని గొట్టంలా ఊది పొరను పైకి లాగేటప్పుడు ఆ బొట్లు లాగిన దిశలో దారాల్లా సాగుతాయి. అందుకే ఇలాంటి కవరు నిలువుగా బలంగా ఉండి, అదే నిలువు దిశలో తేలికగా చిరుగుతుంది. నమూనా చేతికి రాగానే నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి పట్టీలు కత్తిరించి, చిన్న గాటు పెట్టి చించి చూడండి. రెంటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఆ సరుకు తీసుకోకపోవడమే మేలు.

ఇక ఏ వస్తువుకు ఏది అన్న ప్రశ్న. ఈ మిశ్రమాల గుండా నీటి ఆవిరి పాలిథీన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పోతుంది. ఆకుకూరలకు అది మేలే, లోపల నీరు పట్టి కుళ్లడం తగ్గుతుంది. పూతరేకులకు మాత్రం ప్రమాదం; వానాకాలంలో ఒక్క పొర కవరును నమ్ముకోకుండా, గట్టి అట్టపెట్టె, లోపల మైనపు కాగితం పెట్టి, త్వరగా అమ్ముడుపోయే సరుకుకే వాడాలని నా సలహా. నర్సరీలో రెండు మూడు నెలల్లో నేలలోకి వెళ్లే బంతి, కూరగాయ నారుకు ఈ సంచులు నప్పుతాయి. ఏడాది పాటు రోజూ తడుస్తూ ఉండే మామిడి అంటుకు నప్పవు. మొక్క అమ్ముడయ్యే లోపే అడుగు ఊడిపోతుంది.

పేరు చూసి మోసపోకుండా ఉండటానికి రెండు పరీక్షలున్నాయి. ఒక వ్యాపారి ఆకుపచ్చ అక్షరాలతో అచ్చు వేసి అమ్మిన సంచి ముక్కను నేను నీళ్లలో వేస్తే తేలింది. పాలిథీన్ నీటికంటే తేలిక. పీఎల్‌ఏ, పీబీఏటీ, పిండి మూడూ బరువైనవి కనుక, బుడగలు లేకుండా తుడిచి వేస్తే మునగాలి. తరువాత టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. నల్లనీలం రంగు వస్తే పిండి ఉన్నట్టే. పాలిథీన్‌లో పిండి కలిపినా రంగు వస్తుంది, సుద్దపొడి ఎక్కువైన పాలిథీన్ మునుగుతుంది కూడా. అందువల్ల ఈ పరీక్షలు నకిలీని పట్టుకోగలవు కానీ అసలును నిరూపించలేవు. దానికి ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి లోబడినట్టు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ధ్రువపత్రం అడగాలి. 2022 డిసెంబరు 31 నుంచి చేతిసంచి మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలన్న నిబంధన నుంచి కంపోస్టబుల్ (కుప్పలో ఎరువుగా మారే) సంచులకు మినహాయింపు ఉంది కనుక, ఆ పేరు వాడుకునేవారు ఎక్కువ.

నిల్వ విషయంలో మన వేసవిని గుర్తుంచుకోవాలి. రేకుల షెడ్డులో కట్టలు పేర్చితే వేడికి పొరలు అతుక్కుంటాయి, చెమ్మకు గొలుసులు తెగుతాయి. నీడ, గాలి ఉన్న గదిలో, నేలకు ఎత్తుగా, కొన్ని నెలలకు సరిపడా మాత్రమే ఉంచుకోండి. సీలింగ్ యంత్రాన్ని తక్కువ వేడితో మొదలుపెట్టి ఐదేసి డిగ్రీలు పెంచుతూ సరిచూసుకోండి.

చివరి మజిలీ గురించి మరింత జాగ్రత్త కావాలి. పైన చెప్పిన ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం 58 డిగ్రీల వేడిలో 180 రోజుల లోపు 90 శాతం కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా మారాలంటుంది. పేడ, ఎండుగడ్డి పేర్చి తడి ఉంచిన పెద్ద కుప్ప నడుమ ఆ వేడి రావచ్చు. వానపాములుండే వర్మీ కంపోస్టు తొట్టిలో రాదు, వస్తే పాములు చనిపోతాయి. పంట కాలువలోనూ రాదు. అక్కడ పడిన సంచిలో పిండి ముందు కరిగి, మిగిలిన పొర చాలాకాలం నీటిలోనే ఉండిపోతుంది. కాబట్టి కొన్న సరుకులోంచి పది పట్టీలు, పోల్చి చూడటానికి పక్కన ఒక పాలిథీన్ పట్టీ దోమతెర సంచిలో కుట్టి, మీ కుప్ప మధ్యలో పూడ్చి, పదిహేను రోజులకొకసారి ఒక్కో పట్టీ తీసి కడిగి, ఆరబెట్టి, తూచి, తేదీతో సహా పుస్తకంలో రాయండి. మూడు నెలల తరువాత కూడా సగానికి మించి మిగిలితే ఆ సంచి మీ కుప్పకు సరిపోదు. వేడి చాలే పెద్ద కంపోస్టు కేంద్రానికి పంపే ఏర్పాటు కుదిరితేనే దాన్ని కొనండి.