సాలిడ్‌వర్క్స్ అసెంబ్లీలో ఒక సైజు మారిస్తే అన్ని సైజులూ మారిపోతున్నప్పుడు

లక్షణం: యంత్రాలను గీసే సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో రోలర్ కన్వేయర్‌ను 3000, 4500, 6000 మిల్లీమీటర్ల పొడవులతో ఒకే అసెంబ్లీలో (విడి భాగాలను కలిపిన ఫైలు) మూడు కాన్ఫిగరేషన్లుగా (ఒకే ఫైలులో వేర్వేరు రూపాలు) చేస్తారు. 4500 కోసం సి చానల్ (కన్వేయర్ ఫ్రేములోని సి ఆకారపు ఇనుప కమ్మీ) పొడవు మార్చగానే మిగతా రెండింటిలోనూ అదే పొడవు కనిపిస్తుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కన్వేయర్లు గీసేవారు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే సమస్య ఇదే.

ఫైలు పాడైందని నిర్ణయించుకునే ముందు, కొలత మార్చే 'మాడిఫై' పెట్టెలో 'ఆల్ కాన్ఫిగరేషన్స్' ఎంచుకుని ఉందేమో దయచేసి చూడండి. చాలామంది చూడనిది ఇదొక్కటే.

అక్కడ 'దిస్ కాన్ఫిగరేషన్' ఉన్నా మార్పు అంతటా పాకితే, అసలు కారణం లోపల ఉంది. చానల్ పొడవు అసెంబ్లీది కాదు, పార్ట్ ఫైలుది (ఒక్క విడి భాగాన్ని గీసిన ఫైలు). కాబట్టి ఆ పెట్టె చెప్పే కాన్ఫిగరేషన్ కూడా పార్టుదే. ఏ పార్టును ఏ కాన్ఫిగరేషన్‌లో వాడాలన్నది మాత్రమే అసెంబ్లీ గుర్తుంచుకుంటుంది. మూడు పొడవులూ చానల్ పార్టులోని 'డిఫాల్ట్' కాన్ఫిగరేషన్‌నే వాడుతుంటే, దాన్ని మార్చినప్పుడు మూడూ మారక తప్పదు. అంతకంటే ప్రమాదకరమైన విషయం, అదే చానల్‌ను వాడిన వేరే యంత్రపు అసెంబ్లీ కూడా చెప్పకుండానే మారిపోతుంది. గాజులమండ్యం వర్క్‌షాపులో ఇనుము కోసేశాక అది బయటపడితే చేయగలిగింది ఏమీ ఉండదు.

పరిష్కారం: పార్టును తెరిచి, ముందుగా 'డిఫాల్ట్' పొడవును పాత విలువకు తెచ్చి, ఒక్కో పొడవుకూ ఒక్కో కాన్ఫిగరేషన్ చేర్చి, 'దిస్ కాన్ఫిగరేషన్' మీదే కొలతలు ఇవ్వండి. తర్వాత అసెంబ్లీలో 4500ను యాక్టివ్ చేసి, చానల్ 'కాంపొనెంట్ ప్రాపర్టీస్'లోని 'రెఫరెన్స్‌డ్ కాన్ఫిగరేషన్' కింద సరైన పేరు ఎంచుకోండి. ఆ పెట్టెలోనే ఉండే 'చేంజ్ ప్రాపర్టీస్ ఇన్' దగ్గర కూడా 'దిస్ కాన్ఫిగరేషన్' ఉండాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తారు. కుడి, ఎడమ చానళ్లు ఒకే పార్టైనా అసెంబ్లీలో రెండు వేర్వేరు ఇన్‌స్టాన్సులు (విడివిడిగా పెట్టిన ప్రతులు) కనుక రెండింటికీ ఈ మార్పు చేయాలి. మిగతా పొడవులకూ ఇలాగే చేసి, కంట్రోల్-క్యూతో పూర్తిగా రీబిల్డ్ చేసి, మూడింటినీ ఒక్కొక్కటిగా యాక్టివ్ చేసి చానల్ పొడవును కొలిచి చూసుకోండి.

ఇతర కారణాలు అరుదు. కొలత మార్చనివ్వకపోతే డిజైన్ టేబుల్‌లో (కాన్ఫిగరేషన్ల కొలతలుండే ఎక్సెల్ పట్టిక) మోడల్ ఎడిట్లను ఆపి ఉంచారేమో చూడండి. డ్రాయింగ్‌లో మాత్రమే తప్పు పొడవు కనిపిస్తే, ఆ వ్యూ వేరే కాన్ఫిగరేషన్‌ను చూపిస్తోందని అర్థం. వ్యూ ప్రాపర్టీస్‌లో మార్చుకుంటే సరిపోతుంది.