ఒక్కరే గేమ్ చేస్తుంటే పనుల లిస్టు ఎట్ల పెట్టుకోవాలె

ఒక్కరే కూసొని గేమ్ చేసేటోళ్లను కోడ్ కంటే ఎక్కువ ఆగం చేసేది పనుల లిస్టే. మెనూ, సౌండ్, లీడర్‌బోర్డ్, తెలుగు ఫాంట్, లెవెల్స్ అన్నీ ఒకటే తీర్ల రాసిపెట్టుకుంటం, డ్యూటీ అయినంక రాత్రి లాప్‌టాప్ తెరిస్తే వాటిల ఏది అల్కగ కనపడితే అదే పట్టుకుంటం, బటన్ రంగులు మార్చుకుంటనే పన్నెండైతది, గేమ్ మాత్రం ఎక్కడిదక్కడ్నే.

ఉట్టిగ చెప్తే ఎక్కది, ఒక గేమ్ అనుకుందం. మన నాగార్జునసాగర్ డ్యామ్. పైన శ్రీశైలం నుంచి వరద వస్తుంటది, నీళ్లు 590 అడుగులు దాటకుండ గేట్లు ఎత్తుకుంట పోవాలె, మరీ ఎక్కువ ఇడిస్తే కింద పొలాలు మునుగుతయి. గంతే గేమ్. గొడాట్ అని ఫ్రీగ దొరికే గేమ్ ఇంజిన్ల, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ల, చేస్తున్నమనుకోండ్రి.

ముందుగాల ఒక టెక్స్ట్ ఫైల్ తెరిచి తలకాయల ఉన్నదంతా వరుస సూడకుండ అండ్ల పడేయుండ్రి. ఒక్కో పనిని ఒక్కో కార్డు లెక్క పెట్టుకునే ట్రెల్లో లాంటి ఆన్‌లైన్ బోర్డులు కూడ ఉన్నయి, వద్దనను, కానీ ఒక్క మనిషికి ఆ కార్డులు సదురుడే ఒక పని అయి కూసుంటది. ఇగ వరుస సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీలల్ల మాస్కో పద్ధతి అని ఒకటి వాడుతరు, తప్పక ఉండాలె, ఉంటే మంచిది, వీలైతే సూద్దం, ఈసారి వద్దు అని నాలుగు కుప్పలు పోస్తరు. టీమ్‌కు అది బాగనే పనిచేస్తది, కానీ మనతోని కొట్లాడెటోడు ఎవ్వడు లేడు కాబట్టి మనం రాసిందంతా మొదటి కుప్పలకే పోతది. అందుకే నేను చెప్పేది ఒకటే, కుప్పలు వద్దు, ఒక్కటే వరుస, ఏ రెండు పనులకు ఒకటే నంబర్ ఉండొద్దు. ఏది ముందు అని తెలుస్తలేదా, "ఇయ్యాల్నే పని ఆపేస్తే ఇది లేకుండ గేమ్ ఆడొస్తదా?" అని అడుగుండ్రి, ఆడొస్తది అంటే అది కిందికి.

మన డ్యామ్ గేమ్‌కు పై వరుస ఇట్లొస్తది:

1. నీటిమట్టం నంబర్ పెరుగుకుంట స్క్రీన్ మీద కనపడాలె
2. ఒక గేటు నొక్కితే తెరుచుకోవాలె, మట్టం తగ్గాలె
3. 590 దాటితే గేమ్ ఓవర్
4. మళ్లీ ఆడే బటన్
5. ఎక్కువ ఇడిస్తే పొలం మునగాలె
6. గేట్లు ఒకటి నుంచి ఆరుకు పెంచాలె

దీంట్ల డ్యామ్ బొమ్మనే లేదు సూడుండ్రి. గేటు అంటే బూడిద రంగు డబ్బా, పొలం అంటే పచ్చ డబ్బా. అసలు డ్యామ్‌కు 26 గేట్లున్నయి గానీ ఫోన్ల బొటనవేలుతోని 26 గేట్లు ఎవరు నొక్కుతరు, ఆరు సాలు. ఐదో పని అయినంక ఆడి సూస్తే మజా రాకపోతే బొమ్మలు పెట్టినా రాదు, వరద స్పీడో గేటు స్పీడో మార్చాలె.

ఒక్కో పని ఒక సాయంత్రంల ఒడిసేటట్టు ఉండాలె. "వరద సిస్టం" అని రాస్తే అది ఎప్పటికీ ఒడవది, "5 సెకన్లకోసారి ఇన్‌ఫ్లో (పైనుంచి వచ్చే నీళ్లు) మారాలె" అని రాస్తే అయ్యిందా కాలేదా కంటికే తెలుస్తది. బగ్‌లు, అంటే గేమ్ల దొరికిన తప్పులు, వేరే ఫైల్ల పెట్టకుండ్రి, ఇదే వరుసల పెట్టుండ్రి, గేమ్ క్రాష్ అయితే అన్నిటికంటె పైన, అక్షరం డబ్బా బయటికొస్తే అడుగున. ఇగ మిర్యాలగూడ దోస్తు ఫోన్ చేసి "బోటింగ్ కూడ పెట్టరాదే, రెండో లెవెల్ పులిచింతల పెట్టు" అంటడు, మంచిగనే ఉంటది, కానీ అవి "తర్వాత" అనే ఇంకో ఫైల్లకు పోవాలె, మొదటి వెర్షన్ బయటికి పోయేదాక ఆ ఫైల్ తెరవొద్దు. ఆదివారం ఒక్కసారి లిస్టు మళ్లీ చదివి నంబర్లు సరిచేసుకోండ్రి, వారాల నుంచి జారుకుంట పోతున్న పని ఏదన్న ఉంటే కొట్టేయుండ్రి, అది మనకు అక్కర లేదన్నట్టే.

అయితే కొన్ని పనులు ముఖ్యం లెక్క కనపడవు గానీ పైకి జరపాలె. ఫోన్లకు ఎక్స్‌పోర్ట్ చేసుడు, అంటే గేమ్‌ను ఫోన్ల నడిచే యాప్ లెక్క చేసుడు, ఏడో నంబర్లనే పెట్టుండ్రి, దానికి కావాల్సిన ఆండ్రాయిడ్ ఎస్‌డీకే, జేడీకే అనే సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసుట్ల ఎంత టైమ్ పోతదో ముందే తెలుస్తది. తెలుగు అక్షరాలు కూడ అప్పుడే సూడుండ్రి, గొడాట్ 4ల మంచిగనే వస్తయి, పాత 3ల వత్తులు విడిపోతయి. ప్లే స్టోర్ల పెట్టాలంటే అకౌంట్‌కు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలె, పైగా 2023 నవంబర్ 13 తర్వాత తీసిన పర్సనల్ అకౌంట్ అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరుసగ 14 రోజులు టెస్టింగ్ల ఉండాలె. ఇది మన చేతుల లేని టైమ్ కాబట్టి గేమ్ ఆడొచ్చెటట్టు కాంగనే మొదలుపెట్టుండ్రి. చుట్టాల వాట్సాప్ గ్రూపుల అడిగి, మధ్యల ఎవరన్న తప్పుకున్నా లెక్క తగ్గకుండ పదిహేను, ఇరవై మంది జీమెయిల్‌లు ఎక్కించుకోండ్రి, వాళ్లు ఆడుతుంటే మీరు సౌండ్లు, బొమ్మలు పెట్టుకోవచ్చు.