లైడెన్‌కి అప్లికేషన్ రాసేవాళ్ల కోసం

మాది మచిలీపట్నం దగ్గరి పెడన. ఇంట్లో కలంకారీ అద్దకం పని. దాని మీదే పీహెచ్‌డీ చేసి, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అంతర్జాతీయ ఆసియా అధ్యయన సంస్థలో ఫెలోగా, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి పరిశోధన చేసుకునే మనిషిగా, ఉండి వచ్చాను. 1993లో పెట్టిన ఈ సంస్థని అందరూ ఐఐఏఎస్ అంటారు. ఆసియా, ఆఫ్రికా, యూరప్ పరిశోధకుల్ని, ప్రభుత్వాల్లో పనిచేసేవాళ్లని ఒకచోట కూర్చోబెట్టడం దాని పని. ఎలా వెళ్లాలని మన పిల్లలు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకోండి: ఆ ఊరే ఎందుకు? వేరే చోటికి నేను పంపిన మొదటి అప్లికేషన్ తిరిగొచ్చింది. థీసిస్‌నే కుదించి పంపాను, అక్కడికెళ్లి ఏం చేస్తానో ఎక్కడా చెప్పలేదు. లైడెన్‌కి రాసేటప్పుడు మాత్రం మొదటి పేరాలోనే చెప్పాను. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ కొన్నేళ్లకే మచిలీపట్నంలో దిగి మన అద్దకం బట్టలు కొన్నది. ఆ కాగితాలు హేగ్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అలమారాల్లో వరసగా పేరిస్తే 1.2 కిలోమీటర్లు. లైడెన్ నుంచి రైల్లో పావుగంట, స్టేషన్ పక్కనే. ఇంతకంటే బలమైన కారణం నాకు అక్కర్లేకపోయింది.

వెళ్లేదాకా ఆగకండి. ఆ కాగితాల్లో చాలా భాగం స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ఊళ్ల పేర్లు ఇప్పటిలా వెతికితే దొరకవు. పాలకొల్లుని 'పాలికోల్' అని రాసుకున్నారు. పాత డచ్ చేతిరాత చూస్తే మొదట టెన్షన్ వస్తుంది. మూడు వారాలపాటు నాకు అంకెలు, ఊళ్ల పేర్లు తప్ప ఏమీ అర్థం కాలేదు. రోజుకి అరగంట చొప్పున కూర్చోండి, కళ్లకి అలవాటవుతుంది.

ఇక సెమినార్. మనం తెచ్చుకోవడానికే కాదు, ఇవ్వడానికి కూడా వెళ్తున్నాం. నేను ఒక టేకు అచ్చు, మూడు గుడ్డముక్కలు పట్టుకెళ్లాను. మొదటిది కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టింది. రెండోదాని మీద పటికతో అచ్చు వేశాం, పువ్వు కనపడీ కనపడనట్టుంటుంది. మూడోది రంగులో ఉడకబెట్టింది. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టి పువ్వు మొత్తం పైకి తేలింది. ముక్కలు చేతులు మారుతుంటే గదిలో మాటలు ఆగిపోయాయి. చివర్లో ఒకాయన, నీటి విధానాల మీద పనిచేస్తారట, "ఇది ఉతకడానికి ఎంత నీళ్లు కావాలి?" అని అడిగారు. పారే నీళ్లే కావాలండీ, కాలవ ఆగితే పని ఆగుతుంది అని చెప్పాను. నా పరిశోధన దారి మారింది అక్కడే.

అందుకని అలాంటివాళ్లతో టీ తాగే అవకాశం ఒక్కటి కూడా వదలొద్దు. మన పరిశోధన నుంచి వాళ్లకి రాసిచ్చే కాగితం రెండు పేజీలు దాటొద్దు, అందులో ఒక్క కోరికే ఉండాలి. నాది ఉతికే రేవులకి నీళ్లు.

బస, స్టైపెండ్, వీసా సంగతులు ఎంపికైనట్టు ఉత్తరం రాగానే ఒక్కొక్కటీ విడిగా అడగండి, మొహమాటపడొద్దు. కుదిరితే వసంతంలో వెళ్లండి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకిపోతుంది.

ఆ రెండు పేజీలూ తెలుగులో కూడా రాయండి. నావి మా పిన్ని రేవు దగ్గర చదివించుకుంది, రెండుచోట్ల తప్పు పట్టింది. దిద్దాకే లైడెన్‌కి పంపాను.