బడి ఆటస్థలాన్ని అంచు నుంచి గీయండి

ఉన్నత పాఠశాల ఆటస్థలం బాగుచేయడానికి నాలుగు డబ్బులు చేతికి రాగానే చాలా చోట్ల జరిగే మొదటి పని, మైదానం నడిమధ్యన వాలీబాల్ కోర్టు గీసి రెండు స్తంభాలు పాతడం. ఆ కోర్టులో ఒకసారికి ఆడేది పన్నెండు మంది. మూడు వందల మంది చదివే బడిలో మిగిలిన పిల్లలు ఆ గంటసేపు ఎక్కడ ఉంటారన్నది మాత్రం ఎవరూ పటం మీద గీయరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని చెప్పింది గాని, అందులో ఎవరు పరుగెత్తుతారో, ఎవరు గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోతారో తేల్చేది మనం వేసే గీతలే. అందువల్ల మైదానాన్ని మధ్య నుంచి కాక అంచు నుంచి తీర్చిదిద్దే పద్ధతిని, ఎకరంన్నర స్థలాన్ని లెక్కలోకి తీసుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

టేపూ తాడూ పట్టుకోవడానికి ముందు ఒక వారం పాటు ఊరికే చూడండి. తెల్లకాగితం మీద ప్రహరీ, తరగతి గదులు, చెట్లు, కుళాయి, మరుగుదొడ్లు గుర్తించి, ఇంటర్వెల్‌లోనూ, మధ్యాహ్న భోజనం తరువాతా, ఆటల పీరియడ్‌లోనూ పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలు పెట్టండి. అబ్బాయిలకు ఒక రంగు, అమ్మాయిలకు ఇంకొక రంగు, ఒంటరిగా ఉన్నవారి చుక్క చుట్టూ ఒక సున్న. ఒక బడిలో నేను ఇలా చూస్తున్నప్పుడు, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె రోజూ సైకిల్ స్టాండు పక్కన అదే చోట నిలబడి, చెప్పు కొనతో మట్టిలో తొక్కుడుబిళ్ళ గడులు గీసుకుంటూ ఉండేది. క్రికెట్ బంతి దొర్లుకుంటూ వచ్చినప్పుడల్లా దాని వెంట వచ్చిన కాళ్లకు ఆ గడులు చెరిగిపోయేవి. ఆమె పక్కకు తప్పుకుని, వాళ్లు వెళ్లాక మళ్ళీ గీసుకునేది. ఆటంటే ఇష్టం లేని పిల్ల కాదు, చెరిగిపోని ఆరడుగుల నేల దొరకని పిల్ల. ఆ వారం తరువాత పటంలో నేను మొదట వెతికేది ఆ సున్నలనే.

ఆ సున్నలు ఎక్కువగా పడిన చోటే పని మొదలుపెట్టాలి. ప్రహరీ లోపలి వైపు, ముఖ్యంగా పడమటి దిక్కున, కానుగ, వేప మొక్కలు నాటితే సాయంత్రపు ఆటల పీరియడ్‌కు నీడ మైదానం వైపు వాలుతుంది. వేళ్లు పరుగుబాటను లేపకుండా బాటకూ చెట్లకూ మధ్య నాలుగైదు మీటర్లు వదలాలి. ఎర్రపూల తురాయి కంటికి ఎంత అందంగా ఉన్నా, గాలివానకు దాని కొమ్మలు తేలికగా విరుగుతాయి కనుక పిల్లలు కూర్చునే చోట దాన్ని నాటవద్దు. ఎదిగిన చెట్టు ఉంటే, మొదలు చుట్టూ ఒక మీటరు మట్టి వదిలి, 40 సెంటీమీటర్ల ఎత్తున అరుగు కట్టించండి. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోగలిగేలా అది రెండు వైపులకు మలుపు తిరగాలి. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేస్త్రీ చేత తాపీ అంచుతో అరుగు మీద పులిజూదం, అష్టాచెమ్మా గీతలు వేయించి, పక్కన నాపరాళ్లు పరిచిన చోట తొక్కుడుబిళ్ళ గడులు చెక్కించండి. నాలుగు గుండ్రని స్తంభాలు నాలుగు మూలలా నిలబెడితే నాలుగు స్తంభాలాటకు వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఈ ఆటలకు జట్టు ఎంపిక ఉండదు, కాబట్టి చివరిదాకా ఎవరూ పిలవక నిలబడిపోయే పిల్ల ఉండదు.

పరుగెత్తని పిల్లలకు ఇంత ఖర్చు ఎందుకని బడి కమిటీలో ఎవరైనా అడిగితే, ఆరుబయట ఉండడమే ఆరోగ్యానికి మేలని చెప్పండి. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో కొన్ని ప్రాథమిక పాఠశాలలు రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతిని అదనంగా చేర్చాయి. మూడేళ్ల తరువాత అక్కడ కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం, వచ్చిన పిల్లలు 30.4 శాతం కాగా, ఆ తరగతి లేని బడుల్లో 39.5 శాతమని 2015లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఇక 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీడలో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల ఆ లెక్కలోకీ వస్తుంది.

అమ్మాయిల విషయం విడిగా ఆలోచించాలి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో పార్కులను పరిశీలించినవారు, తొమ్మిది పదేళ్లు దాటిన అమ్మాయిలు అక్కడికి రావడం బాగా తగ్గుతోందని గుర్తించి, పెద్ద ఆటస్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, కూర్చునే చోట్లు, దారులు పెంచి చూశారు. అమ్మాయిలు తిరిగి వచ్చారు. మన బడుల్లో దీనికి తోడు మరుగుదొడ్డి సంగతి ఉంది. అబ్బాయిలు ఆడే కోర్టును దాటుకుంటూ వెళ్లవలసి వస్తే, నెలసరి రోజుల్లో అమ్మాయి ఆట సంగతి అటుంచి, మంచినీళ్లు తాగడమే తగ్గించుకుంటుంది. మరుగుదొడ్డికి మైదానం చుట్టూ వేరే దారి ఉండాలి, తలుపు కోర్టు వైపు తెరుచుకోకూడదు, దగ్గరలోనే దుస్తులు మార్చుకునే గది, కుళాయి ఉండాలి. అదే సమయంలో, గదుల వెనుక ఉపాధ్యాయుల కంటికి ఆనని సందులు మిగలకుండా చూడాలి, ఎందుకంటే చిన్న పిల్లలను పెద్ద పిల్లలు ఏడిపించేది అక్కడే.

అంచు కుదిరాక నేల పని. వేసవి సెలవుల్లోనే ఇది ముగియాలి, ఎందుకంటే జూన్‌లో బడులు తెరిచేసరికి వానలూ వస్తాయి. నల్లరేగడి అయితే పై పొర తీయించి, మొరం పరిపించి, నీళ్లు చల్లి రోలర్ తిప్పించాలి. మైదానం నడుమ ఎత్తుగా, ఇరువైపులకూ నూటికి ఒకటి చొప్పున వాలుగా ఉండాలి. 48 మీటర్ల వెడల్పు స్థలంలో ఈ లెక్కన నడుమ వచ్చే ఎత్తు దాదాపు జానెడు మాత్రమే కాబట్టి కంటితో అంచనా వేయకుండా మేస్త్రీల లెవెల్ పైపుతో సరిచూడాలి. మొదటి వాన పడిన మర్నాడు నడిచి చూసి, నీళ్లు నిలిచిన ప్రతిచోటా ఒక మేకు పాతండి. సింథటిక్ గడ్డి పరిచే ఆలోచన మాత్రం నాకు నచ్చదు. మన ఎండలకు అది మట్టి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, మన పిల్లల్లో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడతారు.

పరుగుబాటకు ఉత్తర దక్షిణాలుగా 40 మీటర్ల దూరంలో రెండు మేకులు పాతి, 18.90 మీటర్ల తాడుతో ఒక్కో మేకు నుంచి ఒక్కో అర్ధవృత్తం గీసి, రెండింటినీ తిన్నని గీతలతో కలిపితే, గీతకు 20 సెంటీమీటర్ల బయట పరుగెత్తేవారికి సరిగ్గా 200 మీటర్లు వస్తుంది. 1.22 మీటర్ల వెడల్పున నాలుగు వరుసలు వేస్తే మొత్తం 88 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే ఎకరానికి కాస్త పైన. బాట లోపల 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పున ఖోఖో, దాని పక్కన 18 మీటర్లు, 9 మీటర్ల వాలీబాల్ చుట్టూ మూడేసి మీటర్ల ఖాళీతో సహా పడతాయి. ఉదయం, సాయంత్రం సూర్యుడు కళ్లలో పడకుండా వాలీబాల్ కోర్టు పొడవు కూడా ఉత్తర దక్షిణాలుగానే ఉండాలి. కబడ్డీలో ఆకాశం వైపు చూసే పనే లేదు కనుక దిక్కుతో నిమిత్తం లేకుండా ఒక అర్ధవృత్తంలో 12 మీటర్లు, 8 మీటర్ల కోర్టు గీసి, రాళ్లు ఏరించి, మట్టిని గుల్లగా తవ్వించి ఇసుక కలపండి. గీతలకు సున్నం వాడవద్దు. తడి తగిలితే అది కళ్లనూ చర్మాన్నీ కాలుస్తుంది. ముగ్గుపిండి చాలు.

చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడికి గేటు నుంచి అరుగు దాకా, కోర్టు అంచు దాకా గట్టి బాట కావాలి. మెట్టు ఉన్న చోట ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు వేయించాలి. అతడి చోటు ప్రేక్షకుల మధ్య మాత్రమే ఉండకూడదు. పులిజూదం గీతల ముందు కుర్చీ పట్టేంత ఖాళీ ఉంచి, ఆ ఒక్క పక్క గీతలను బల్ల ఎత్తుకు లేపండి.

మిగిలింది క్రికెట్. దాన్ని నిషేధించడం తప్పు, మైదానమంతా దానికే వదలడమూ తప్పు. బ్యాటు పట్టినవారు అరుగుకు వీపు పెట్టి నిలబడేలా పిచ్‌ను ఒక మూలకు తిప్పి, టెన్నిస్ బంతితో మాత్రమే ఆడనిచ్చి, వారంలో ఏ రోజు ఏ తరగతిదో గోడ మీద రాయించండి. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆటల పీరియడ్‌ను పొద్దున మొదటి గంటకు మార్చాలి.

దసరా సెలవులకు ముందు, మొదటి వారంలో వాడిన కాగితానికి నకలు తీసి, అవే వేళల్లో మళ్ళీ చుక్కలు పెట్టండి. సున్న చుట్టిన చుక్క ఇంకా అదే గోడ దగ్గర ఉంటే, అక్కడ నిలబడే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, గీత ఎక్కడ వేస్తే బాగుంటుందో ఆమెనే అడిగి, ముగ్గుపిండి డబ్బా ఆమె చేతికే ఇవ్వండి.