డైనోసార్ బొమ్మను తిప్పి చూడండి: ఎంపిక, కొలత, భద్రత

డైనోసార్ బొమ్మ కొనేముందు దాన్ని వెల్లకిలా తిప్పి, కడుపు మీదో అరికాలి మీదో ఉన్న చిన్న అక్షరాలను చదవడం అలవాటు చేసుకోవాలి. పాపో, కలెక్టా, సఫారీ వంటి సంస్థల బొమ్మల మీద సాధారణంగా తయారీదారు పేరుతో పాటు ఆ అచ్చు రూపొందిన సంవత్సరం కూడా ఉంటుంది, చాలాసార్లు జంతువు పేరూ ఉంటుంది. ఆ సంవత్సరం కంటికి కనిపించేంత చిన్న విషయం కాదు, ఎందుకంటే బొమ్మ రూపం ఆనాటి శాస్త్ర పరిజ్ఞానాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు స్పైనోసారస్ తోక పడవ తెడ్డులా వెడల్పుగా ఉండేదని తెలిపే ఎముకల వివరాలు 2020లో ప్రచురితమయ్యాయి. అంతకు ముందు పోసిన అచ్చులో తోక సన్నగా ఉంటే అది తయారీదారు తప్పు కాదు, నిన్నమొన్న పోసిన అచ్చులోనూ అలాగే ఉంటే మాత్రం అశ్రద్ధే.

జాతర అంగళ్లలో సంచి లెక్కన అమ్మే బొమ్మలకు ఈ వివరాలేవీ ఉండవు. అటువంటి సంచిలో వీపు మీద తెరచాప ఉన్న జంతువు ఒకటి తరచుగా కనబడుతుంది. నాలుగు కాళ్లు పక్కలకు చాచుకొని నేలకు దగ్గరగా ఉంటే అది డైమెట్రోడాన్. దాన్ని పక్కన పెట్టినప్పుడు మా చెల్లెలి కొడుకు "మామా, ఇది డైనోసార్ కాదా మరి?" అని చిన్నబుచ్చుకున్నాడు. తొలి డైనోసార్లు పుట్టడానికి సుమారు 4 కోట్ల ఏళ్ల ముందే అది అంతరించింది, పైగా వంశపరంగా బల్లుల కంటే మనలాంటి క్షీరదాలకే దగ్గర. రెక్కల టెరనోడాన్ కూడా డైనోసార్ కాదు. వీటిని పారేయనక్కర లేదు, వేరే అరలో పెడితే చాలు.

తర్వాత చూడవలసినవి నిలువు తీరు, చేతులు, పాదాలు. టిరనోసారస్ బొమ్మ కంగారూలా నిటారుగా నిలబడి తోకను నేల మీద ఈడుస్తుంటే అది పాత ఊహ. వెన్ను నేలకు దాదాపు సమాంతరంగా ఉండి, తోక గాలిలో బరువును తూచేలా ఉండాలి. దాని చేతికి రెండే వేళ్లు, చౌక బొమ్మల్లో మూడో వేలు ఉచితంగా వస్తుంది. అరచేతులు నేల వైపు కాకుండా చప్పట్లు కొట్టేటట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న బుడిపెలు ఉన్నట్లు 2007లో ప్రకటించారు కాబట్టి, ఈకలు లేని పొలుసుల వెలోసిరాప్టర్‌ను నేను సరదాకే తప్ప సేకరణ కోసం కొనను.

కొలత విషయంలో కొంచెం ఓపిక అవసరం. సేకరణకర్తలు ఎక్కువగా వాడేది 1:40, అంటే అసలు జంతువు 40 సెంటీమీటర్లకు బొమ్మ 1 సెంటీమీటరు. 12 మీటర్ల టిరనోసారస్ ఈ లెక్కన 30 సెంటీమీటర్లు వస్తుంది, తోకతో కలిపి 1.8 మీటర్ల వెలోసిరాప్టర్ నాలుగున్నర సెంటీమీటర్లే వస్తుంది. సంచి బొమ్మల్లో ఈ రెండూ ఒకే పొడవుండటం చూస్తే లెక్క ఎంత తప్పిందో అర్థమవుతుంది. కొనే ముందు దారంతో ముక్కు నుంచి వెన్ను మీదుగా తోక కొస దాకా కొలిచి, అసలు పొడవును ఆ కొలతతో భాగించి చూసుకోవాలి.

ఈ లెక్క మన ప్రాంతపు జంతువులతో చేసి చూస్తే ఇంకా బాగుంటుంది. వరంగల్ నుంచి కాళేశ్వరం దాటి అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచకు వెళితే, ప్రాణహిత తీరంలోని కోట గ్రామం పేరుతో పిలిచే జురాసిక్ రాతిపొరలు ఉన్నాయి. ఆ పొరల్లో దొరికిన పొడవు మెడ డైనోసార్ బారపాసారస్ పొడవు సుమారు 14 మీటర్లు, తొడ ఎముక ఒక్కటే నిలువు మనిషంత, అంటే 1.7 మీటర్లు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో నిలబెట్టి ఉంది. 1:40లో ఆ బొమ్మ 35 సెంటీమీటర్లు కావాలి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ఇవే పొరల్లో కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముక భాగాలు బయటపడగా, పి. యాదగిరి 1988లో ఆ పొడవు మెడ జాతికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరాన్ని పిల్లలకు చూపించవచ్చు. హన్మకొండలో నేను అడిగిన ఏ దుకాణంలోనూ కోటసారస్ బొమ్మ దొరకలేదు, అందువల్ల పొడవు మెడ బొమ్మ ఒకదాన్ని దాని స్థానంలో పెట్టి, కింద అట్టముక్క మీద "తల ఊహ మాత్రమే" అని రాశాను, ఎందుకంటే పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రమే దొరికాయి.

కొనుగోలులో ఐఎస్ఐ గుర్తు చూడడం మరవకూడదు, 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. విదేశీ బొమ్మల ధర మండిపోవడానికి దిగుమతి సుంకం ఒక ప్రధాన కారణం: 2020లో అది 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది.

ఇక మన ఎండల సంగతి. ఒక మే నెలలో నేను బొమ్మల పెట్టెను రేకుల కప్పు కింది అటక మీద మరచిపోయాను. తీసి చూసేసరికి టిరనోసారస్ మోకాళ్లు వంగి ముందుకు బోర్లా పడి ఉంది, రెండు బొమ్మలు జిగటగా ఒకదానికొకటి అంటుకున్నాయి. ఈ బొమ్మల ప్లాస్టిక్ అయిన పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం వేడికి పైకి ఊరడమే ఆ జిగటకు కారణం. అటువంటప్పుడు సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి నీడలో ఆరబెట్టాలి, థిన్నర్ గానీ గోళ్ల రంగు తుడిచే ద్రవం గానీ వాడితే రంగు ఊడుతుంది. వంగిన కాలును బాగా వేడిగా ఉన్న, కానీ మరగని నీళ్లలో ఒక నిమిషం ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, ఆ భంగిమలోనే పట్టుకొని చల్లని నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. ఒక్కసారికి కుదరకపోతే మళ్లీ చేయవచ్చు, నా బొమ్మకు మూడుసార్లు పట్టింది.