నిద్రలేమికి ప్రవర్తనా చికిత్స – 3వ పాఠం: పడక వేళను కుదించడం

వారం రోజుల నిద్ర డైరీ పూర్తయినవారు దాన్ని ముందు పెట్టుకోండి. పూర్తికానివారు ఈ పాఠాన్ని పక్కన పెట్టడమే మేలు; ఇక్కడి లెక్కంతా ఆ అంకెల మీదే నిలుస్తుంది.

ఒకరి డైరీ సగటు ఇలా ఉందనుకుందాం: రాత్రి 10 గంటలకు పడక చేరి ఉదయం 7 గంటలకు లేస్తున్నారు, నిజంగా కన్నంటుకున్నది మాత్రం ఐదున్నర గంటలు. 9 గంటల పడకకు ఐదున్నర గంటల నిద్ర, అంటే సుమారు 61 శాతం. దీన్ని నిద్ర సామర్థ్యం అంటారు. తక్కిన మూడున్నర గంటలూ అటూ ఇటూ పొర్లడానికి, గడియారం చూడడానికి, తెల్లారితే పని ఎలా సాగుతుందోనని బెంగపడడానికి పోతున్నాయి. నెలల తరబడి ఇలా జరిగితే పడకకూ మెలకువకూ ముడి పడిపోతుంది. కుర్చీలో కునికిపాట్లు పడ్డ మనిషికి దిండు మీద తల ఆనించగానే మత్తు వదిలిపోయేది అందుకే.

నిద్ర పట్టనివారు పెందలాడే పడుకుని ఆలస్యంగా లేవాలని చూస్తారు. నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ సహచరులతో కలిసి 1987లో ప్రచురించిన పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు: ఎంత నిద్ర వస్తోందో పడకకు అంతే సమయం కేటాయించాలి. పై ఉదాహరణలో లేచే వేళను 6:30గా ఖాయం చేస్తే, పడక చేరేది రాత్రి 1 గంటకు. నిద్రలేమికి మందు నిద్రను కత్తిరించడమా అని విసుగు రావడం న్యాయమే. కానీ మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర అవసరం బలపడుతుంది కాబట్టి, ఆలస్యంగా చేరిన పడకలో నిద్ర త్వరగా పట్టి, తెగకుండా సాగే అవకాశం పెరుగుతుంది.

డైరీ ఎంత తక్కువ చూపినా 5 గంటలకు దిగవద్దు. పగటి కునుకు వద్దు. అసలు కష్టం 11 నుంచి 1 వరకు ఉంటుంది. ఆ వేళ మంచం మీద కాక కుర్చీలో, మసక వెలుతురులో గడపండి. వారం చివర సామర్థ్యం 85 శాతం దాటితే పడక చేరే వేళను 15 నిమిషాలు ముందుకు (1 గంట నుంచి 12:45కు) జరపండి, లేచే వేళను మాత్రం కదపకండి.

మొదటి వారాల్లో పగలు మగతగా ఉంటుంది. అప్పుడు వాహనం నడపకూడదు. మూర్ఛ, బైపోలార్ రుగ్మత, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవారు వైద్యులను అడగకుండా దీన్ని మొదలుపెట్టవద్దు.

వచ్చే పాఠం ఆలోచనల గురించి. అందుకోసం డైరీలో ఒక గడి అదనంగా గీసి, మెలకువలో మనసులో తిరిగిన మాటను, ‘ఈ రాత్రి కూడా పోయినట్టే’ వంటిదైనా సరే, మార్చకుండా ఉదయం లేచాక అందులో రాసి ఉంచండి.